టర్బో కారులో బూస్ట్ పీడనాన్ని సురక్షితంగా సరిచేసుకోవడం: బరంపురం నుంచి కొరాపుట్ దాకా కారు నడిపేవారికి సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువారిలో చాలామంది ఉదయం సముద్రపు గాలిలో కారు స్టార్ట్ చేసి, మధ్యాహ్నానికల్లా ఘాటీ ఎక్కి కొండ మీద ఉంటారు. ఒకే రోజులో ఇంత ఎత్తు తేడా చూసే కారులో టర్బో పని బల్లపరుపు జిల్లాలో తిరిగే కారులో ఉన్నట్టు ఉండదు. అందువల్ల ఎక్కడివారో రాసిన బూస్ట్ సంఖ్యను, అంటే టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలికి ఉండే అదనపు పీడనాన్ని, మన కారులో దించుకోవడం తెలివైన పని కాదు. ఈ వ్యాసం రెండు పనుల గురించి చెబుతుంది. మొదటిది, కంపెనీ నిర్ణయించిన బూస్ట్ నిజంగా అందుతోందో లేదో చూసి, అందకపోతే అందేలా చేయడం. రెండవది, అవసరమని గట్టిగా అనిపిస్తే దానిని కొద్దిగా పెంచడం. నా అభిప్రాయంలో "బండి లాగడం లేదు, టర్బో కొంచెం పెంచండి" అని గ్యారేజీకి వచ్చే కార్లలో ఎక్కువ భాగానికి మొదటి పనే సరిపోతుంది, రెండవ దాని జోలికి వెళ్ళవలసిన అవసరమే రాదు.

గేజ్ మీద సంఖ్య ఏమి చెబుతుంది

బూస్ట్ గేజ్ చూపించేది బయటి గాలి పీడనం కంటే ఎంత ఎక్కువ ఉందో ఆ తేడాను మాత్రమే. ఇంజన్‌లోకి వెళ్ళే గాలి దారిలో ఉండే మ్యాప్ సెన్సర్ కొలిచేది ఆ గాలి మొత్తం పీడనాన్ని. సముద్ర మట్టం దగ్గర బయటి గాలి పీడనం సుమారు 1.01 బార్ కాబట్టి, బరంపురంలో గేజ్ 0.9 చూపిస్తే మ్యాప్ సెన్సర్ 1.91 బార్, అంటే 191 కిలోపాస్కల్, చూపించాలి. కొరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి పీడనం 0.91 బార్ దగ్గరకు పడిపోతుంది. ఈ పదో వంతు బార్ తేడా చిన్నదిగా కనిపించినా, ముందు ముందు చెప్పబోయే జాగ్రత్తలలో సగం దీని చుట్టూనే తిరుగుతాయి.

ఒక బార్ అంటే 14.5 పీఎస్‌ఐ. పాత గేజ్‌ల మీద కనిపించే కేజీ పర్ చదరపు సెంటీమీటరు కూడా ఇంచుమించు బార్‌తో సమానమే. ఫోన్‌లో ఓబీడీ యాప్ (కారు కంప్యూటరులోని సంఖ్యలు చదివేది) వాడేవారు ఒక విషయం గమనించాలి: కొన్ని యాప్‌లు స్థలంతో సంబంధం లేకుండా 101 కిలోపాస్కల్‌ను తీసివేసి బూస్ట్ లెక్క చూపిస్తాయి, దానివల్ల కొండ మీద అసలు బూస్ట్ కంటే 0.1 బార్ తక్కువగా కనిపిస్తుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసినప్పుడు మ్యాప్ సెన్సర్ బరంపురంలో 100 దాపున, కొరాపుట్‌లో 91 దాపున చూపించాలి. అలా చూపించకపోతే ముందు సెన్సర్ సంగతి తేల్చుకున్న తర్వాతే మిగిలిన పని మొదలుపెట్టాలి.

మీ కారులో ఉన్నది ఏ రకం నియంత్రణ

టర్బోను తిప్పే పొగలో కొంత భాగాన్ని పక్కదారి పట్టించే చిన్న తలుపును వేస్ట్‌గేట్ అంటారు. బూస్ట్ ఎంత పెరగాలో నిర్ణయించేది ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందన్నదే. పాత కార్లలో, ఉదాహరణకు 75 హార్స్‌పవర్ ఉన్న 1.3 లీటర్ల డీజిల్ స్విఫ్ట్ వంటి వాటిలో, ఈ తలుపును కదిపే యాక్చువేటర్‌లో స్ప్రింగు, డయాఫ్రమ్ అనే పలుచని పొర ఉంటాయి, దానికి బూస్ట్ గాలి ఒక సన్నని హోస్ ద్వారా చేరుతుంది, స్ప్రింగు బలాన్ని మించగానే రాడ్ కదిలి తలుపు తెరుచుకుంటుంది. ఆ తర్వాతి తరం కార్లలో ఈ హోస్ మధ్యలో సోలినాయిడ్ వాల్వు (విద్యుత్‌తో తెరుచుకునే వాల్వు) ఉంటుంది, దానిని ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటరు, నడుపుతుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల 1.0 టీఎస్‌ఐ వంటి కొత్త ఇంజన్లలో గాలి హోస్‌కు బదులు విద్యుత్ మోటారే వేస్ట్‌గేట్‌ను కదుపుతుంది. వేరియబుల్ జామెట్రీ ఉన్న డీజిల్ టర్బోలో వేస్ట్‌గేట్ అనేదే ఉండదు, లోపలి రెక్కల కోణం మారుతుంది.

చేత్తో రాడ్ సరిచేసి బూస్ట్ పెంచడమనే మాటకు అర్థం ఉన్నది మొదటి రకంలోనే. రెండవ రకంలో రాడ్ బిగిస్తే, ఈసీయూ తనకు కావలసిన పీడనం కంటే ఎక్కువ వస్తోందని గమనించి సోలినాయిడ్‌ను తగ్గించి పాత సంఖ్యకే తెస్తుంది. అది తన చేతిలో లేనంతగా బిగిస్తే పీ0234 అనే ఓవర్‌బూస్ట్ కోడ్ వేసి ఇంజన్ బలాన్ని కత్తిరిస్తుంది. మూడవ రకంలో రాడ్ పొడవు మారిస్తే మోటారు నేర్చుకున్న మూసిన స్థానమే తప్పుతుంది. నాలుగవ రకంలో రెక్కల స్టాప్ స్క్రూ మీద కంపెనీ వేసిన రంగు గుర్తును చెరపకుండా వదిలేయడమే మంచిది.

మొదటి పని: కంపెనీ బూస్ట్ నిజంగా వస్తోందా

దీనికి ఒక ఓబీడీ స్కానర్, గేజ్ ఉన్న చేతి పంపు, సర్ఫు నీళ్ళు పోసిన స్ప్రే సీసా, రెగ్యులేటర్ ఉన్న గాలి కంప్రెసర్ సరిపోతాయి. టర్బో చుట్టూ ఉన్న భాగాలు ఇంజన్ ఆపిన తర్వాత కూడా చాలాసేపు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి, కాబట్టి పొద్దున్నే, రాత్రంతా ఆగి ఉన్న బండి మీద ఈ పని చేయాలి.

ముందుగా గాలి ఫిల్టరు చూడండి. దామంజోడి, రాయగడ వైపు ఎర్రమట్టి దుమ్ములో తిరిగే కారుకు సర్వీసు పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఫిల్టరు ఆగదు. ఫిల్టరు మూసుకుపోతే బండి మెల్లగా లాగడం ఒక్కటే కాదు. టర్బోలో గాలిని కుదించే భాగమైన కంప్రెసర్ నోటి దగ్గర పీడనం పడిపోవడం వల్ల, అదే బూస్ట్ ఇవ్వడానికి టర్బో మరింత వేగంగా తిరగవలసి వస్తుంది.

తర్వాత లీకు పరీక్ష చేయాలి. టర్బో గాలి తీసుకునే మూతికి సరిపోయే మూత, దానికి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించి, రెగ్యులేటర్ ద్వారా 0.3 నుంచి 0.5 బార్ వరకు మాత్రమే గాలి ఎక్కించాలి. పంక్చరు షాపు కంప్రెసర్ ట్యాంకులో దీనికి ఎన్నో రెట్ల పీడనం ఉంటుంది, రెగ్యులేటర్ లేకుండా నేరుగా కలిపితే క్రాంక్‌కేసు ఆయిల్ సీళ్ళు బయటికి తన్నుకొస్తాయి. గాలి ఎక్కిన తర్వాత, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్ళే, వచ్చే హోసుల క్లిప్పుల దగ్గర, హోసుల కింది వంపులో, థ్రాటిల్ బాడీ గాస్కెట్ దగ్గర సర్ఫు నీళ్ళు చల్లుతూ రండి. హోసు కింది వంపులో నూనె తడి పట్టి, దాని మీద దుమ్ము గడ్డకట్టి ఉన్న చోట ముందు చల్లితే చాలాసార్లు వెతుకులాట అక్కడే ముగుస్తుంది, ఎందుకంటే పగులు నుంచి పోయే గాలి తనతోపాటు ఆయిల్ ఆవిరిని కూడా తీసుకుపోతుంది. చిన్న క్లిప్పు బిగిస్తే పోయే దానికి టర్బో మార్చమని చెప్పేవారు లేకపోలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం అంటే ఇదే.

ఇప్పుడు యాక్చువేటర్ వంతు. గాలితో పనిచేసే యాక్చువేటర్ హోస్ ఊడదీసి, అక్కడ గేజ్ ఉన్న చేతి పంపు కలపండి. రాడ్ చివర ఒక చుక్క తెల్ల పెయింటు పెట్టి, పంపును మెల్లగా కొడుతూ ఆ చుక్క మొదట కదిలిన క్షణంలో గేజ్ ఎంత చూపిస్తోందో రాసుకోండి, పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎంతో కూడా రాసుకోండి. సర్వీసు మాన్యువల్‌లో మీ టర్బోకు ఇచ్చిన సంఖ్యతో వీటిని పోల్చాలి. ఆ పీడనం దగ్గర ఒక నిమిషం ఆగితే గేజ్ ముల్లు పడిపోకూడదు. పడిపోతే డయాఫ్రమ్ చిరిగిందని అర్థం, దానిని మార్చడమే తప్ప మరో దారి లేదు. రాడ్ బిర్రుగా, కుదుపులతో కదిలితే తుప్పు కారణం కావచ్చు. గోపాల్‌పూర్ వైపు ఉప్పు గాలిలో ఇంటి బయట నిలిపే కార్లలో ఇది చూడవలసిన చోటు.

కోడ్‌లలో పీ0299 ఉంటే బూస్ట్ తక్కువగా వస్తోందని కారే ఒప్పుకుంటున్నట్టు. కానీ ఆ కోడ్ కారణాన్ని చెప్పదు, పై పరీక్షలే చెబుతాయి. ఇవన్నీ సరిచేసిన తర్వాత, స్కానర్‌లో మ్యాప్ పీడనం, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు ఎంత ముందు వెలుగుతోందన్న లెక్క), లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, ఫ్యూయల్ ట్రిమ్‌లు (ఈసీయూ ఇంధనాన్ని పెంచి తగ్గించే శాతాలు) రికార్డు చేసి ఆ ఫైలును దాచుకోండి. ఫ్యూయల్ ట్రిమ్‌లు ప్లస్ 10 శాతం దాటి ఉంటే ఎక్కడో గాలి లీకో, ఇంధనం కొరతో ఇంకా ఉందన్నమాట. ఈ ఫైలే ఇక మీద ప్రతి పోలికకు మూలం కాబట్టి, ఇది లేకుండా రెండవ పనిలోకి దిగకూడదని గట్టిగా చెబుతున్నాను.

రెండవ పని: కొద్దిగా పెంచడం

బూస్ట్ పెరిగితే గాలి వేడి కూడా పెరుగుతుంది. మే నెలలో బయట 40 డిగ్రీలు ఉన్నప్పుడు, 70 శాతం సామర్థ్యంతో పనిచేసే కంప్రెసర్ ఒక బార్ బూస్ట్ ఇస్తే, దాని నుంచి బయటపడే గాలి 135 నుంచి 140 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంటర్‌కూలర్ దానిని ఎంతవరకు దించగలదన్నదే అసలు ప్రశ్న. ఆ వేడి సిలిండర్‌లోకి చేరితే ప్లగ్గు మంట వ్యాపించేలోపే మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటారు, రేకు డబ్బాలో గులకరాళ్ళు కదిపినట్టు వినిపిస్తుంది. మీ చెవికి వినిపించే లోపే నాక్ సెన్సర్ టైమింగ్‌ను వెనక్కి లాగి ఉంటుంది కాబట్టి, చెవిని నమ్ముకోవడం కంటే స్కానర్‌ను నమ్ముకోవడం మేలు.

స్ప్రింగు యాక్చువేటర్ మాత్రమే ఉన్న కారులో పని ఇలా సాగాలి:

1. ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక, రాడ్ చివరి మర మీద లాక్ నట్టు ఇప్పుడు ఎక్కడుందో పెయింటుతో గుర్తు పెట్టి, ఫోటో తీసుకోండి.

2. రాడ్‌ను వేస్ట్‌గేట్ చెయ్యికి పట్టించే చిన్న క్లిప్పును తీయండి. అది ఎగిరి ఇంజన్ కింద పడితే దొరకదు, ఒక చేత్తో గుడ్డ అడ్డం పెట్టుకోండి.

3. రాడ్ పొడవు తగ్గే దిశలో మర చివరను అర చుట్టు మాత్రమే తిప్పండి. పొడవు తగ్గితే స్ప్రింగు తలుపును మరింత బిగువుగా మూసి పట్టుకుంటుంది, అందుచేత బూస్ట్ పెరుగుతుంది. పొడవు పెంచితే తగ్గుతుంది.

4. క్లిప్పు పెట్టి, లాక్ నట్టు బిగించి, చేతి పంపుతో మళ్ళీ రాడ్ కదిలే పీడనం చూడండి. ఒక్క దఫాలో 0.05 బార్ కంటే ఎక్కువ మారితే వెనక్కి తిప్పండి.

5. పంపు మీద ముల్లు బాగున్నంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, కింద చెప్పిన పరీక్ష పూర్తి చేశాకే రెండో అర చుట్టు గురించి ఆలోచించండి.

ఇంధనం, ఇగ్నిషన్ ప్రోగ్రామ్ మార్చకుండా కంపెనీ సంఖ్య మీద 0.1 బార్ దాటి వెళ్ళకూడదన్నది నా నియమం. కొందరు రాడ్ బదులు, హోస్ మధ్యలో పెట్టే మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ కొంటారు. దానిలో ఉన్న అసలు ప్రమాదం పేరులో కనిపించదు: కంట్రోలర్‌కు, యాక్చువేటర్‌కు మధ్య హోస్ ఊడినా, పగిలినా యాక్చువేటర్‌కు గాలి కబురే అందదు, వేస్ట్‌గేట్ తెరుచుకోదు, బూస్ట్ అదుపు లేకుండా పెరిగిపోతుంది. పెట్టక తప్పదనుకుంటే, బూస్ట్, నూనె ఆవిరి తట్టుకునే మంచి హోస్ వాడి, దాని పొడవు వీలైనంత తక్కువగా ఉంచి, రెండు చివరలా క్లిప్పులు వేయండి, వేడి సైలెన్సర్ పైపులకు దూరంగా కట్టండి.

సోలినాయిడ్ లేదా విద్యుత్ వేస్ట్‌గేట్ ఉన్న కారులో బూస్ట్ పెంచడమంటే ఈసీయూ ప్రోగ్రామ్ మార్చడమే. మ్యాప్ సెన్సర్ వైరు మధ్యలో డబ్బా పెట్టి ఈసీయూకు తక్కువ పీడనం చూపించే పద్ధతిని నేను సిఫారసు చేయను, ఎందుకంటే అది ఓవర్‌బూస్ట్ రక్షణను కూడా గుడ్డిదాన్ని చేస్తుంది. ఆ ప్రోగ్రామ్ మార్చే ట్యూనర్ దగ్గరకు వెళ్ళే ముందు కొన్ని మాటలు రాతలో తీసుకోండి: అసలు ఫైలు కాపీ మీకు ఇవ్వాలి, ఓవర్‌బూస్ట్, నాక్ రక్షణలను తీసివేయకూడదు, ముందూ తర్వాతా తీసిన రికార్డులు ఇవ్వాలి, గేర్‌బాక్సు టార్క్ హద్దు దాటకూడదు. చివరిది చాలామంది అడగరు. 1.5 టీఎస్‌ఐ కంపెనీ నుంచే 250 న్యూటన్ మీటర్ల టార్క్‌తో వస్తుంది, దానితో వచ్చే ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు డీఎస్‌జీ హద్దు కూడా 250 మాత్రమే. అలాంటి చోట ఇంజన్ తట్టుకున్నా క్లచ్ తట్టుకుంటుందన్న భరోసా లేదు.

ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లకు మరో ప్రత్యేక జబ్బు ఉంది. 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్యలో పెద్ద గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, ప్లగ్గు వెలగక ముందే మిశ్రమం అంటుకుని ఒక్క దెబ్బతో పిస్టన్ పగలవచ్చు. కాబట్టి బూస్ట్ పెంచినా, కింది ఆర్‌పీఎంలో మాత్రం పెంచవద్దని ట్యూనర్‌కు చెప్పండి, మీరు కూడా ఘాటీలో గేరు దించి ఎక్కండి. ఈ ముప్పును తగ్గించేలా పరీక్షించిన ఆయిల్ ప్రమాణం ఏపీఐ ఎస్‌పీ, ఇది 2020లో వచ్చింది. డబ్బా మీద ఆ రెండు అక్షరాలు చూసి కొనండి.

పరీక్షించేటప్పుడు చూడవలసినవి

డైనో, అంటే కారును నిలిపి ఉంచి చక్రాలు తిప్పుతూ బలం కొలిచే యంత్రం, దొరికితే అదే ఉత్తమం. రోడ్డు మీద చూడక తప్పనప్పుడు, వేగం అవసరమన్న అపోహ వద్దు. ఎక్కుడు రోడ్డులో రెండో గేరులో గంటకు 40 కిలోమీటర్ల దగ్గరే చిన్న టర్బో ఇంజన్ పూర్తి బూస్ట్‌కు చేరుతుంది. రద్దీ లేని సమయం చూసి, ఒకరు నడుపుతుంటే పక్కన కూర్చున్న మరొకరు స్కానర్ చూడాలి. నడిపేవారు ఫోన్ వైపు చూడకూడదు.

అదే ఆర్‌పీఎం దగ్గర ఇగ్నిషన్ టైమింగ్ మీ పాత ఫైలు కంటే మూడు డిగ్రీలు మించి పడిపోతే, ఇంజన్ ఒప్పుకోవడం లేదని అర్థం. అర చుట్టు వెనక్కి తిప్పండి. పొగను చూసి గాలి, ఇంధనాల నిష్పత్తి కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉంటే మీటరును లాంబ్డాలో పెట్టుకోండి. లాంబ్డా 1 అంటే ఇంధనం సరిగ్గా మండేంత గాలి, అంతకంటే తక్కువైతే ఇంధనం ఎక్కువ ఉన్నట్టు. 14.7 అనే పాత గాలి-ఇంధన నిష్పత్తి ఇథనాల్ లేని పెట్రోలుకు సంబంధించినది, 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అది సుమారు 13.5 మాత్రమే కాబట్టి, ఏ పెట్రోలైనా అర్థం మారని కొలత లాంబ్డాయే. పాత పోర్టు ఇంజెక్షన్ టర్బోలలో పూర్తి బూస్ట్ దగ్గర 0.80 నుంచి 0.85 మధ్య ఉండటం క్షేమం. ఏ కారులోనైనా, మీ పాత ఫైలు కంటే లీన్‌గా (గాలికి తగ్గ ఇంధనం లేకుండా) మారితే వెంటనే ఆపాలి. ఇంటేక్ గాలి ఉష్ణోగ్రత ఒక ఎక్కుడులో ఆగకుండా పెరుగుతూనే పోతుంటే ఇంటర్‌కూలర్ హద్దుకు వచ్చినట్టే. నిండు బూస్ట్‌లో తుమ్మినట్టు కుదుపు వస్తే ప్లగ్గు నిప్పు ఆరిపోతోందేమో చూడండి. ప్లగ్గు గ్యాప్ కొద్దిగా తగ్గిస్తే సరిపోవచ్చు.

కింద చూడాలా, కొండ మీద చూడాలా

రెండు చోట్లా చూడాలి, ఎందుకంటే రెండు చోట్లా ప్రమాదం వేరు.

స్ప్రింగు యాక్చువేటర్ బయటి గాలితో పోల్చి పనిచేస్తుంది. సాలూరు దాటి సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ చేరి, అక్కడి చల్లటి ఉదయం 0.9 బార్ దగ్గర సరిచేస్తే మొత్తం పీడనం 1.81 అవుతుంది. అదే కారు దిగి బరంపురం వస్తే, రాడ్ ముట్టకపోయినా మొత్తం పీడనం 1.91కి పెరుగుతుంది, పైగా గాలి వేడిగా ఉంటుంది. కొండ మీద నిశ్శబ్దంగా ఉన్న ఇంజన్ కింద నాక్ చేయడానికి కారణం ఇదే. కాబట్టి నాకింగ్ పరీక్ష మైదానంలో, ఎండ ఎక్కువగా ఉన్న మధ్యాహ్నం చేయాలి.

ఈసీయూ మొత్తం పీడనాన్ని లక్ష్యంగా పెట్టుకునే కారులో కథ తిరగబడుతుంది. బరంపురంలో 1.91 ఇవ్వడానికి కంప్రెసర్ గాలిని 1.89 రెట్లు కుదించాలి. కొరాపుట్‌లో అదే 1.91 కోసం 2.1 రెట్లు కుదించాలి, అంటే టర్బో షాఫ్ట్ మరింత వేగంగా తిరగాలి. అందుకే కంపెనీలు ఎత్తు పెరిగే కొద్దీ లక్ష్యాన్ని తగ్గించే పట్టికలు పెడతాయి. ట్యూనర్ ఆ పట్టికను తీసేయకుండా చూసుకోండి, ఘాటీ పైన ఒకసారి రికార్డు తీసి లక్ష్యం తగ్గిందో లేదో సరిచూడండి. పైకి చేరగానే ఇంజన్ ఆపేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే టర్బో బేరింగ్‌లోని ఆయిల్ మాడి గట్టిపడదు.

డీజిల్ గురించి ఒక్క మాట చాలు. డీజిల్‌లో ఇంధనం పెంచకుండా బూస్ట్ మాత్రమే పెంచితే బలం పెద్దగా రాదు, ఇంధనం ఎక్కువై నల్లపొగ వస్తే టర్బైన్ ముందు వేడి పెరుగుతుంది. బీఎస్‌6 డీజిల్‌లో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు ఉంటుంది కాబట్టి ఆ పొగ మసి అంతా దానిలోనే పేరుకుంటుంది.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మొదటి పని, అంటే కంపెనీ సంఖ్యకు తీసుకురావడం, మరమ్మతు మాత్రమే కాబట్టి దానికి ఈ భయం లేదు. రెండవ పనికి దిగేవారు ముందుగా ఆర్‌టీవో కార్యాలయంలో అడిగి, బీమా కంపెనీకి లిఖితపూర్వకంగా చెప్పాలి. చెప్పకుండా చేసిన మార్పును చూపి క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంటుంది. వారంటీలో ఉన్న కారును నేనైతే ముట్టుకోను.

మార్పు చేసిన తర్వాత మొదటి 500 కిలోమీటర్లకు ప్లగ్గులు తీసి చూడండి. పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు సన్నని నల్ల చుక్కలో, మెరిసే అల్యూమినియం రేణువులో కనిపిస్తే రాడ్‌ను మొదటి పెయింటు గుర్తుకు తెచ్చి వదిలేయండి. పింగాణీ లేత గోధుమ రంగులో శుభ్రంగా ఉంటే, హోసులు, క్లిప్పులు, లాక్ నట్టు మరోసారి చూసుకుని, ఆ తర్వాత ప్రతి ఆయిల్ మార్పిడికి చేతి పంపుతో యాక్చువేటర్ పీడనం సరిచూసుకోండి.